పసిగుండెకు బిల్లు లేదు... మరి భరోసా?

పాలు పట్టడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే బిడ్డ నుదుటి మీద చెమట. కాసేపు తాగడం, ఆయాసపడి ఆగడం, మళ్లీ తాగడం. ‘ఎండకాలం గద, ఉడుకపోస్తుంది’ అంటుంది పక్కింటావిడ. ‘దిష్టి తగిలింది’ అంటుంది నాయనమ్మ. నెలలు గడుస్తున్నా బరువు పెరగదు. రెండోసారి నిమోనియా వచ్చినప్పుడు స్టెతస్కోపు పెట్టిన డాక్టరు మాత్రం ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపు వింటాడు. ‘గుండె చప్పుడు తేడాగా ఉంది, ఎకో తీయించండి’ అంటాడు.

అంతే... ఆ ఒక్క మాటతో ఇల్లు తలకిందులవుతుంది. అప్పటిదాకా బిడ్డకు ఏ పేరు పెట్టాలి, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించాలి అని మాట్లాడుకున్నవాళ్లు ఎకరం ఎంతకు పోతుందో లెక్కలు వేయడం మొదలుపెడతారు. మన దగ్గర గుండె ఆపరేషన్ అనగానే మొదట గుర్తొచ్చేది గుండె కాదు, డబ్బు!

సిద్దిపేట జిల్లా కొండపాకలో ఉన్న పిల్లల గుండె ఆసుపత్రి ఆ లెక్కను తీసి పక్కన పెట్టేసింది. శ్రీ సత్యసాయి సంజీవని చైల్డ్ హార్ట్ కేర్ సెంటర్ అనే ఈ ఆసుపత్రిలో పుట్టుకతో గుండె లోపాలున్న పిల్లలకు పరీక్షలు, ఆపరేషన్లు అన్నీ ఉచితం. బిల్లు కట్టే కౌంటరే ఉండదు. ఈ సంజీవని ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒక నినాదం ఉంది... ‘దిల్ వితవుట్ బిల్’ అని. చికిత్స పూర్తయి ఇంటికి వెళ్లే పిల్లల చేతిలో బిల్లు కాగితానికి బదులు ‘గిఫ్ట్ ఆఫ్ లైఫ్’ అని రాసిన ధ్రువపత్రం పెడతారు.

చదవడానికే హాయిగా ఉంది కదా! అయితే ఒక చిక్కు ప్రశ్న కూడా ఇక్కడే పుడుతుంది. డబ్బు కట్టిన చోట బాగా చూడకపోతే ‘ఇంత పోసినం, ఇదేనా చూసేది?’ అని నిలదీయొచ్చు. రూపాయి తీసుకోని చోట తల్లిదండ్రులు ఏమని అడగాలి? అక్కడ వైద్యం బాగుందో లేదో ఎవరు చెప్పాలి? ఎలా కొలవాలి?

పుట్టపర్తి నుంచి కొండపాక దాకా...

ఉచిత గుండె ఆపరేషన్ తెలుగువాళ్లకు కొత్త మాట కాదు. 1991 నవంబరు 22న పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. దాని నిర్మాణానికి విరాళం ఇచ్చినవారిలో హార్డ్ రాక్ కేఫ్ స్థాపకుల్లో ఒకరైన ఐజాక్ టైగ్రెట్ కూడా ఉన్నారు. ఎక్కడి రాక్ సంగీతపు హోటళ్లు, ఎక్కడి అనంతపురం పల్లె! రాయలసీమ ఎండల్లో గోపురాలతో రాజభవనంలా లేచిన ఆ ఆసుపత్రికి ఊళ్లకు ఊళ్ల నుంచి గుండె జబ్బుల వాళ్లు కదిలారు. తెలంగాణ పల్లెలకు మాత్రం పుట్టపర్తి చాలా దూరం. బిడ్డను ఎత్తుకుని ఒకసారి వెళ్లొచ్చు. తారీఖు ఇస్తే మళ్లీ వెళ్లాలి. ఆపరేషన్ అయ్యాక పరీక్షకు ఇంకోసారి వెళ్లాలి. కూలి చేసుకునేవాళ్లకు ఒక్కో ప్రయాణం ఒక్కో వారం సంపాదన.

రెండో మలుపు 2004లో వచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పిల్లల గుండె ఆపరేషన్ల ఖర్చును తాను భరించడం మొదలుపెట్టింది. ఆ అనుభవమే ముదిరి 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ అయింది. తెలంగాణలో ఈ పథకం కింద కుటుంబానికి ఏడాదికి ఇచ్చే సాయాన్ని 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు.

మూడోది సంజీవని. దీన్ని నడిపేది శ్రీ సత్యసాయి హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ ట్రస్ట్. 2012లో ఛత్తీస్‌గఢ్‌లోని నయా రాయ్‌పూర్‌లో మొదలై, 2016లో హర్యానాలోని పల్వల్‌కు, తర్వాత ముంబై పక్కన ఖార్‌ఘర్‌కు వెళ్లింది. క్రికెటర్ సునీల్ గవాస్కర్ ఈ పిల్లల ఆపరేషన్ల కోసం ఊరూరా తిరిగి విరాళాలు అడిగారు. ఆ వరసలోనే కొండపాక. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సు ఎక్కితే చాలు, దగ్గరికి చేరొచ్చు. పిల్లలకు బాగా లేకపోతే ఈ ప్రాంతపు తల్లులు మొక్కుకునే కొమురవెల్లి మల్లన్న కూడా పక్కనే. 2023 అక్టోబరు 3 నుంచి సిద్దిపేటకు రైలూ వచ్చింది. గుండె ఆసుపత్రి గురించి చెబుతూ బస్సులు, రైళ్ల గొడవ ఎందుకంటారా? ఆపరేషన్ ఒక్కరోజు పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి వెళ్లాల్సిన పరీక్షలే అసలు పరీక్ష. ఆసుపత్రి ఎంత దగ్గరగా ఉంటే అంత క్రమంగా వెళ్తారు.

‘మంచిగనే చూసిండ్రు’

ఉచిత ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే తల్లిని ‘ఎట్లా చూశారమ్మా?’ అని అడగండి. ‘మంచిగనే చూసిండ్రు, దేవుని లెక్క’ అంటుంది. వందమందిని అడిగితే దాదాపు వందమందీ అదే చెబుతారు. చనిపోతుందనుకున్న బిడ్డ చంకలో ఉంది. పైసా తీసుకోలేదు. ఇంకేమంటుంది? రాత్రి నర్సు పిలిస్తే పలకలేదనో, ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడిందనో చెప్పడానికి ఆమెకు నోరు రాదు. అన్నం పెట్టిన చేతిని తప్పు పట్టినట్టు ఉంటుంది.

అందుకే రోగి సంతృప్తి సర్వేలు చేసేవాళ్లు ఈ కృతజ్ఞతను ఎలా లెక్కలోకి తీసుకోవాలా అని తల పట్టుకుంటారు. ‘మీరు సంతృప్తి చెందారా?’ అని అడిగితే జవాబు ముందే తెలిసిపోతుంది. దానికి బదులు ‘నొప్పి అని చెప్పాక ఎంతసేపటికి వచ్చారు?’, ‘ఇంటికెళ్లాక ఏ మందు ఎప్పుడు వేయాలో ఎవరు చెప్పారు?’ అని జరిగిన సంగతులు అడగాలి. అప్పుడే నిజం బయటికొస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగుల అభిప్రాయం ఫోను ద్వారా తెలుసుకునేందుకు కేంద్రం 2016లో ‘మేరా అస్పతాల్’ను తెచ్చింది. వార్డులో డాక్టరు ఎదుట నిలబడి చెప్పలేని మాట, ఇంటికెళ్లి ఫోనులో చెప్పడం కొంచెం సులువు.

ఆసుపత్రి నాణ్యతను ఎలా చూడాలో 1966లో అవెడిస్ డొనబీడియన్ అనే వైద్యుడు ఒక దారి చూపాడు. బీరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఆయన చెప్పింది మూడు సంగతులు. ఆసుపత్రిలో ఏమేం ఉన్నాయి, అక్కడ పని ఎలా చేస్తున్నారు, చివరికి రోగికి ఏమైంది? మనం సాధారణంగా మొదటిదాని దగ్గరే ఆగిపోతాం. ‘అబ్బ, ఎంత పెద్ద బిల్డింగు, ఎంత శుభ్రంగా ఉంది!’ అనేసి మెచ్చుకుంటాం. నేల అద్దంలా మెరవడం మంచిదే. కానీ పసిబిడ్డ గుండె తెరిచే చోట నేల కన్నా ముఖ్యమైనది నర్సు చేతులు! ఒక బిడ్డను ముట్టుకుని ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్లే ముందు కడుక్కుందా లేదా అన్నది.

బ్రిస్టల్‌లో జరిగింది...

మంచితనం వేరు, మంచి వైద్యం వేరు అని ప్రపంచానికి తెలిసొచ్చింది కూడా పిల్లల గుండె ఆసుపత్రి వల్లే. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పేరున్న ఆసుపత్రి అది. అక్కడా చికిత్స ఉచితమే, ప్రభుత్వమే భరిస్తుంది. తల్లిదండ్రులు డాక్టర్లను నమ్మారు. కానీ గుండె ఆపరేషన్ల తర్వాత చనిపోయే పిల్లలు మిగతా ఆసుపత్రుల కన్నా అక్కడ ఎక్కువ. మత్తు ఇచ్చే డాక్టరు స్టీఫెన్ బోల్సిన్ 1988లో అక్కడ చేరాడు. ఆపరేషన్లు మరీ ఎక్కువసేపు సాగుతుండటం చూసి అనుమానం వచ్చి లెక్కలు రాసుకోవడం మొదలుపెట్టాడు. పైవాళ్లకు చెప్పాడు. వినలేదు. ఏళ్లు గడిచాయి. చివరికి ఆయన ఆస్ట్రేలియాకు వెళ్లిపోవాల్సి వచ్చింది.

విచారణ సంఘం 2001లో నివేదిక ఇచ్చింది. 1991 నుంచి 1995 వరకు, దేశంలో మిగతా చోట్లతో పోలిస్తే అక్కడ ఏడాది లోపు పిల్లలు 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయి ఉంటారని తేల్చింది. వింతేమిటంటే, ఆ నివేదిక అక్కడి డాక్టర్లను దుర్మార్గులని అనలేదు. మనసుపెట్టి పనిచేసేవాళ్లేనంది. లోపం ఉన్నది తమ ఫలితాలను తాము లెక్కపెట్టుకోకపోవడంలో, చిన్నవాళ్లు తప్పు చూపిస్తే పెద్దవాళ్లు వినకపోవడంలో. ఆ దెబ్బతో బ్రిటన్‌లో గుండె ఆపరేషన్ల ఫలితాలను ఆసుపత్రుల వారీగా జనం ముందు పెట్టడం మొదలైంది.

బ్రిస్టల్ కథ చెప్పింది కొండపాకను అనుమానించడానికి కాదు. ఉచితమైనా ఖరీదైనా, ట్రస్టుదైనా కార్పొరేట్‌దైనా, పిల్లల గుండె ఆసుపత్రిని అడగాల్సిన ప్రశ్న ఒకటే కాబట్టి... ‘మా బిడ్డలాంటి జబ్బున్న పిల్లలకు ఇక్కడ ఎన్ని ఆపరేషన్లు చేశారు? ఎంతమంది బాగై వెళ్లారు?’ ఈ మాట అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమోనని భయపడతారు. మంచి డాక్టరుకు రాదు. అయితే జవాబు వినేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. చిన్న రంధ్రం పూడ్చడం వేరు, నాలుగు రోజుల పసికందుకు తారుమారైన రక్తనాళాలను విడదీసి మళ్లీ అతకడం వేరు. కష్టమైన కేసులు తీసుకునే ఆసుపత్రిలో మరణాలు కాస్త ఎక్కువగా కనిపించొచ్చు. తేలికవి మాత్రమే తీసుకునే చోట నూటికి నూరు మార్కులూ రావొచ్చు. అందుకే జబ్బును బట్టి లెక్క చూడాలి.

మనలాంటి దేశాల ఆసుపత్రుల కోసం అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2008లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఇష్టపడి చేరిన ఆసుపత్రులు తమ పిల్లల గుండె ఆపరేషన్ల వివరాలన్నీ ఒకచోట నమోదు చేస్తాయి. ఎక్కడ వెనకబడ్డారో చూసుకుని దిద్దుకుంటాయి. అక్కడ నేర్పేవి కొత్త యంత్రాలేమీ కావు. చేతులు కడుక్కోవడం, కోత దగ్గర చీము పట్టకుండా చూడటం, ఆపరేషన్ గదిలో అందరూ ఒక జట్టుగా పనిచేయడం. తప్పు జరుగుతోందనిపిస్తే చిన్న నర్సు కూడా పెద్ద సర్జన్‌ను ‘ఒక్క నిమిషం ఆగండి సార్’ అనగలగాలి. వినడానికి ఎంత చిన్న సంగతి! మన ఆసుపత్రుల్లో ‘సార్’ను ఆపడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు.

తారీఖు కూడా మందే

నూటికి తొంభైమంది పట్టించుకోని కొలత ఇంకోటి ఉంది... ఎదురుచూపు. ఉచితమంటే వరస పెద్దది. మన దేశంలో ఏటా రెండు లక్షలకు పైగా పిల్లలు గుండె లోపాలతో పుడుతున్నారని అంచనా. అంటే పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ముప్పు ఇంకాస్త ఎక్కువ. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. గుండె కింది గదుల మధ్య చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే పూడుకుపోతాయి. కానీ కొన్నింటికి గడియారం నడుస్తుంటుంది.

గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారైతే మొదటి కొద్ది వారాల్లోనే సరిచేయాలి. కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉంటే సాధారణంగా ఏడాది లోపు మూసేయాలి. లేదంటే ఊపిరితిత్తులకు రక్తం ఉధృతంగా పోయి పోయి అక్కడి నాళాలు గట్టిపడతాయి. ఆ దశ దాటితే డబ్బున్నా, డాక్టరున్నా ఆపరేషన్ చేయలేని పరిస్థితి! పై గదుల మధ్య రంధ్రమైతే బడికి వెళ్లే వయసుకు ముందు చేయొచ్చు, తొందరేం లేదు. కాబట్టి మూడు నెలల తర్వాత తారీఖు ఇచ్చారంటే అది మంచా చెడా అన్నది జబ్బును బట్టి ఉంటుంది. ‘మా బిడ్డ అంతవరకు ఆగగలదా? ఆగలేకపోతే వేరే ఎక్కడికి వెళ్లాలి?’ అని అడగడం తల్లిదండ్రుల హక్కు. తన దగ్గర చోటు లేనప్పుడు ఆరోగ్యశ్రీ కింద ఇంకో ఆసుపత్రికి వెంటనే పంపించే ఆసుపత్రి, తన దగ్గరే అట్టిపెట్టుకునే ఆసుపత్రి కన్నా మెరుగు.

వరసలో చేరడమే ఆలస్యమైతే ఎవరూ చేసేదేమీ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి బడులకు వచ్చి పిల్లలను చూడాలి. ఆ రోజు పిల్లను ‘జ్వరం లేదు గద, ఎందుకు’ అని ఇంట్లో ఉంచేయకండి. పాలు తాగుతూ చెమట పట్టడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నిమోనియా, ఏడ్చినప్పుడు పెదాలు, గోళ్లు నీలమవడం... వీటిలో ఏది కనిపించినా ఎకో తీయించాల్సిందే. ఆడుతూ ఆడుతూ గొంతుక్కూర్చునే పిల్లల్ని చూసి ‘బద్ధకం’ అనుకుంటారు. నీలిజబ్బు పిల్లలు అలా కూర్చుంటేనే వాళ్లకు ఊపిరి ఆడుతుంది. పసిపిల్లలు ఒక్కసారిగా నీలమైతే మోకాళ్లను ఛాతీకి ఆనించి పట్టుకుని, ఊరడిస్తూ ఆసుపత్రికి పరుగెత్తాలి.

బొక్క అంటే ఏమిటి?

ఇక మాట సంగతి. వైద్యం ఎంత గొప్పదైనా, చెప్పింది అర్థం కాకపోతే సగం వృథా. కోస్తా నుంచి వచ్చిన డాక్టరు ‘గుండెకు బొక్క ఉంది’ అంటే ఆయన ఉద్దేశం రంధ్రం. సిద్దిపేట అవ్వకు బొక్క అంటే ఎముక! గుండెలో ఎముక మొలిచిందనుకుని ఆమె బెంబేలెత్తిపోతుంది. ఇది తెలుగు డాక్టరు దగ్గరే. వార్డులో నర్సు కేరళ అమ్మాయైతే, సంతకం పెట్టే కాగితం ఇంగ్లిషులో ఉంటే ఇంకేం చెప్పాలి! అద్దాల గది లోపల బిడ్డ, బయట తల్లి. బిడ్డ నోట్లో గొట్టం ఎందుకుందో, ఆ యంత్రం ఎందుకు కూస్తోందో తెలియక ఆమె గడిపే రాత్రి ఏ సర్వేలోనూ కనిపించదు. రోజుకు ఒకసారి, ఒకే వ్యక్తి వచ్చి, ఒక గుండె బొమ్మ గీసి, ఆమె భాషలో ఐదు నిమిషాలు చెబితే చాలు. దానికి పైసా ఖర్చు కాదు. ఆసుపత్రుల మీద జనానికి ఉండే కోపంలో పెద్ద భాగం ‘ఎవ్వరూ ఏం చెప్పలే’ అన్నదే.

తల్లులు అడిగే ప్రశ్నలూ డాక్టర్ల పుస్తకాల్లో ఉండవు. అన్నంలో ఏం పెట్టాలె? నేల మీద పాకనియ్యాల్నా? బడికి పంపొచ్చా? ఆడపిల్లయితే ఇంకోటి, గొంతు తగ్గించి అడుగుతారు... ‘ఛాతీ మీద గాటు కనబడతదా సారూ, రేపు పెండ్లయితదా?’

ఇది చిన్న ప్రశ్న కాదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ కావాలని చెప్పిన పిల్లల్లో మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లలకు అది జరగడం చాలా తక్కువని తేలింది. డబ్బు ఒక కారణమే కానీ, అదొక్కటే కాదు. కౌంటరు తీసేసిన ఆసుపత్రి డబ్బు అడ్డును తీసేయగలదు. ఇంట్లో ఉన్న అడ్డును తీయలేదు. ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో ఆడపిల్లలు ఎందరు, తారీఖు ఇచ్చాక తిరిగి రానివాళ్లలో ఆడపిల్లలు ఎందరు? ఈ లెక్క రాసుకుని, రాని ఇంటికి ఫోను చేసే ఆసుపత్రి ఉంటే దానికి ఎన్ని మార్కులైనా వేయొచ్చు.

ఫైలు జాగ్రత్త!

డిశ్చార్జి రోజు ఇంటికి పోయే తొందరలో సగం వినరు. ఏ మందు ఎన్ని రోజులో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పించుకుని, మీ నోటితో తిరిగి చెప్పి సరిచూసుకోండి. జ్వరం వస్తే, కోత దగ్గర ఎర్రబడితే ఎవరికి ఫోను చేయాలో రాయించుకోండి. టీకాలు మానొద్దు. పళ్లు పుచ్చకుండా చూడాలి. చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరే క్రిములు గుండెకు పట్టే ప్రమాదం ఈ పిల్లలకు ఎక్కువ. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు గుండె ఆపరేషన్ అయిందని ముందే చెప్పాలి. పిల్ల గంతులేస్తోంది కదా అని తర్వాతి ఎకోలు ఎగ్గొట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. గుండె లోపల వాల్వు కారుతోందో లేదో గంతుల్లో తెలియదు.

‘గిఫ్ట్ ఆఫ్ లైఫ్’ పత్రానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు, బాగానే ఉంటుంది. దానితో పాటు ఇచ్చిన ఆపరేషన్ కాగితాలు, ఎకో రిపోర్టులు మాత్రం ఎక్కడో పరుపు కింద నలిగిపోతాయి. వాటిని బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి నెల తప్పితే, డాక్టరు మొదట అడిగేది ఆ ఫైలే.